మంద్రంలో మాట్లాడుకుందాం

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా బేస్ గిటార్ గురించే ఉన్నాయి. గాయకుల గొంతు నొప్పులూ, కీబోర్డు బేరాలూ వచ్చే నెలకి వాయిదా వేశాను. నాకిష్టమైన వాద్యం కాబట్టి పక్షపాతం చూపించాననుకున్నా పర్లేదు. 1986 నుంచి విశాఖలో పగలు ఉద్యోగం, సాయంత్రం లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో బేస్, ఇదీ నా బతుకు. ఇప్పుడు మీరు కవర్ బ్యాండ్ అంటున్నదాన్ని మేం ఆర్కెస్ట్రా పార్టీ అనేవాళ్లం. పని మాత్రం ఒకటే: ఎవరో కట్టిన పాటని మనం పరువు పోకుండా వాయించడం.

ప్రశ్న: మేం ఐదుగురం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. రెండేళ్లుగా శనివారాలు ప్రాక్టీస్ చేసి, అపార్ట్‌మెంట్ ఫంక్షన్లలో, ఆఫీసు వార్షికోత్సవాల్లో సినిమా పాటలు వాయిస్తున్నాం. ఎనభైల నాటి ఇళయరాజా పాటలే ఎక్కువ. నేను బేస్. మొన్న వినాయక చవితి పందిట్లో తీసిన వీడియో చూసి మా ఆవిడ "ఇందులో నువ్వు వాయించావా, ఊరికే నిలబడ్డావా?" అంది. నిజంగానే నాకూ ఏమీ వినపడలేదు. సౌండ్ పెంచితే అంతా గుయ్‌మంటోందని మావాళ్లు తిడుతున్నారు. ఇది మానేసి లీడ్ గిటార్‌కి మారిపోనా?
— ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ వీడియో మీరిద్దరూ ఫోన్‌లోనే చూసి ఉంటారు. బేస్ మీద లావు తీగని ఎక్కడా నొక్కకుండా వదిలేసి మీటితే సెకనుకి 41 కంపనాలు. సన్న తీగ కూడా 98 దగ్గరే ఉంటుంది. ఫోన్ స్పీకరు వేలి గోరంత. 200 కంపనాల కిందకి దిగమంటే దానికి ఊపిరాడదు. కాబట్టి ఫోన్‌లో మీకు వినిపించేది అసలు స్వరం కాదు, దాని మీద తేలే హార్మోనిక్స్ మాత్రమే. అదే వీడియో మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇద్దరూ మళ్లీ వినండి. సగం తగాదా అక్కడే తీరిపోతుంది.

మిగతా సగం మాత్రం మీ చేతిలోనే ఉంది. "గుయ్‌మంటోంది" అన్న ముక్క చదవగానే నాకు అర్థమైంది. వినపడటం లేదనగానే అందరం చేసే పొరపాటు ఒకటుంది, యాంప్ మీద బేస్ అని రాసిన నాబ్ తిప్పేయడం. దాంతో శబ్దం పెరుగుతుంది గానీ స్వరం తెలియదు. హాల్లో గోడలు అదురుతాయి, ఏ నోట్ వాయించారో మాత్రం ఎవరికీ పట్టుబడదు. ఆ నాబ్‌ని సగానికి తెచ్చి, మిడ్ అని ఉన్నదాన్ని కాస్త పెంచండి. ఇంట్లో ఒక్కరే వింటే ఆ టోన్ ముక్కుతో పాడినట్టుంటుంది, మీకు నచ్చదు. డ్రమ్స్, కీబోర్డు కలిశాక అదే నిలబడుతుంది. టోన్ ఎప్పుడూ బెడ్‌రూమ్‌లో సెట్ చేసుకోకండి, అందరూ వాయిస్తుండగా సెట్ చేసుకోండి.

ఇంకోటి, మీ కీబోర్డు ఆయన ఎడమ చెయ్యి ఏం చేస్తోందో చూడండి. మన ఆర్కెస్ట్రాల్లో 1990ల్లో బేస్ వాయించేవాడి కుర్చీ తీసేసింది ఆ ఎడమ చెయ్యే. ఒక మనిషి పారితోషికం మిగులుతుందని కీబోర్డు మీదే బేస్ కానిచ్చేశారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. మీరూ ఆయనా ఒకే మంద్ర స్వరాన్ని రెండు రకాలుగా వాయిస్తుంటే వినేవాళ్లకి రెండూ మిగలవు. "అన్నా, నేనున్నంతసేపు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకో" అని నవ్వుతూనే చెప్పండి. నవ్వకుండా చెబితే ఆయనే బ్యాండ్ మానేస్తాడు.

ఇప్పుడు అసలు విషయం. 1988లో అనుకుంటాను, అనకాపల్లిలో ఒక పందిట్లో ప్రోగ్రాం. నా దగ్గర కలకత్తాలో తయారైన బేస్ ఉండేది. తీగలు మద్రాసు మౌంట్ రోడ్డు మీది మ్యూసీ మ్యూజికల్ నుంచి ఎవరైనా వస్తూ తెచ్చిపెట్టాలి. కొత్త తీగలు వేసిన ఉత్సాహంలో ప్రతి స్వరాన్నీ తెగ మోగించేస్తున్నాను. పక్కన తబలా వాయిస్తున్న పెద్దాయన నాలుగు పాటలు ఓర్చుకున్నాడు. ఇంటర్వెల్లో టీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఒరే అబ్బాయ్, నీ స్వరం నా డగ్గా మీద కూర్చుని లేవట్లేదురా" అన్నాడు. డగ్గా అంటే తబలా జతలో ఎడమ చేత్తో వాయించేది. నాకు అర్థం కాలేదు. ఆయన గ్లాసు కింద పెట్టి, ఎడమ అరచేతి మొదలుతో డగ్గా మీద ఒక్కసారి జారించాడు. ఆ గుమ్‌మనే శబ్దం పైకి లేచి, గాలిలో వంగి, ఆగిపోయింది. "ఇది వినపడాలంటే దీని కింద ఖాళీ ఉండాలి. నువ్వు ఖాళీ ఉంచట్లేదు. కొట్టడం వచ్చింది నీకు, ఆపడం రాలేదు" అన్నాడు.

నలభై ఏళ్లు కావస్తోంది. బేస్ గురించి నాకు ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పలేదు. మీ సమస్య కూడా అదే అయి ఉంటుందని నా అనుమానం. స్వరం ఎప్పుడు మొదలవ్వాలో అందరూ చూసుకుంటారు. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌తో పాటే పడాలని ప్రతి యూట్యూబ్ మాస్టారూ చెబుతాడు. ఎప్పుడు ఆగాలో చెప్పేవాడు తక్కువ. కిక్ మీద మొదలైన స్వరం, కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ పడే క్షణానికి ఆగిందనుకోండి, పాట నడక మొత్తం మారిపోతుంది. స్నేర్ చప్పుడుకి చోటు దొరుకుతుంది, తర్వాతి స్వరం కొత్తగా వినిపిస్తుంది. వాల్యూమ్ అంగుళం పెంచకుండానే మీరు జనానికి వినపడటం మొదలవుతుంది.

ఎలా ఆపాలి? నొక్కిన ఎడమ వేలిని పూర్తిగా ఎత్తేయకండి, టక్కుమని చప్పుడు వస్తుంది. తీగని తాకుతూనే ఒత్తిడి వదలండి, స్వరం చచ్చిపోతుంది. వదిలిన తీగ అయితే కుడి చేతిలో తర్వాత మీటబోయే వేలిని ముందే తీగ మీద ఆనించండి. మీరు సన్న తీగల మీద ఉన్నప్పుడు లావు తీగ దానంతటదే మూలుగుతుంటుంది. కుడి బొటనవేలు దాని మీద పడుకోబెడితే నోరు మూస్తుంది. తాళం కొట్టే మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టి ఒకే స్వరం వాయించండి. ఒక నిమిషం పూర్తి నిడివి, ఒక నిమిషం సగం, ఒక నిమిషం పావు. ఎంత విసుగ్గా ఉంటుందో నాకు తెలుసు. వారం రోజులు చాలు.

ఇళయరాజా పాటలు ఎక్కువన్నారు కాబట్టి మీకు ఇంకో పని. ఆయన పాటల్లో బేస్ ఉత్త పునాదిలా ఉండదు, పల్లవి పక్కన ఇంకో పల్లవిలా నడుస్తుంది. ఆయన స్వతహాగా గిటార్ వాయించే మనిషి, వెస్టర్న్ నేర్చుకున్నది మద్రాసులో ధనరాజ్ మాస్టారి దగ్గర. ఆ బేస్ చాలా పాటల్లో పలికింది శశిధరన్ గారి చేతుల్లో. మీరు ట్యాబ్ (ఏ తీగని ఎక్కడ నొక్కాలో అంకెల్లో రాసింది) చూసి స్వరాలు దించి ఉంటారు. ఈసారి గిటార్ పక్కన పెట్టి, పాట పెట్టుకుని ఆ బేస్‌ని నోటితో పాడండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాల్సి వస్తోందో గమనించండి. ఆయన అక్కడ ఖాళీ వదిలాడు, మీరు పూడ్చేశారు.

లీడ్‌కి మారాలని ఉంటే నిక్షేపంగా మారండి, నేనేమీ అనుకోను. కానీ ఇవన్నీ చేసి మూడు నెలలు చూశాక మారండి. అప్పటికి మీ బ్యాండ్‌కి ఇంకో బేస్ దొరకడం ఎంత కష్టమో మీవాళ్లకీ తెలిసొస్తుంది.

ప్రశ్న: ఐదు తీగల బేస్ కొనాలా, నాలుగు చాలా?
— ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు వాయించే పాటల్ని బట్టి ఉంటుంది. ఐదో తీగ సెకనుకి 31 కంపనాల దాకా దిగుతుంది. ఈ పదిహేనేళ్ల సినిమా పాటల్లో బేస్ సగం సింథసైజర్ మీదే పుడుతోంది, అది నాలుగు తీగలకి అందనంత కిందకి పోతుంది. అలాంటి పాటలు సగానికి మించి ఉంటే కొనండి. పాత పాటలే అయితే ఆ డబ్బుతో మంచి యాంప్ కొనుక్కోండి. తీగ ఎక్కువైతే ఆపాల్సింది కూడా ఇంకొకటి ఎక్కువవుతుందని మర్చిపోకండి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మా కాలేజీ బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. ప్రాక్టీస్ అంతా ఒక స్కేల్‌లో చేస్తాం. స్టేజీ ఎక్కాక మా సింగర్ "ఇవాళ గొంతు బాలేదు, అర శ్రుతి దించండి" అంటుంది. ఒక్కోసారి "ఐదున్నరలో ఎత్తుకుందాం" అంటుంది. కీబోర్డు వాడు వెంటనే రెడీ అయిపోతాడు. నాకు టెన్షన్‌తో చెమటలు. ఏం చేయాలి సార్?
— ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నాయనా, కీబోర్డు వాడు తెలివైనవాడేం కాదు. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అవే మెట్ల మీద వాయిస్తున్నాడంతే. అందుకే మొదటి హెచ్చరిక: వాడి చేతులు చూసి స్వరం పట్టుకోవద్దు. వాడు సి మీద వేలు పెట్టి ఉంటాడు, మోగేది బి అయి ఉంటుంది. నేను ఒకసారి ఒక పల్లవి మొత్తం అలాగే అపస్వరంలో లాగించాను. జనం గాయకుణ్ణి తిట్టారు గనక బతికిపోయాను.

రెండోది, మన గాయకులు శ్రుతి భాషలో మాట్లాడతారు, నువ్వు నేర్చుకున్నది ఇంగ్లిష్ అక్షరాల భాష. ఈ రెంటికీ వంతెన నీ లావు తీగ మీదే ఉంది. వదిలేసిన లావు తీగ మూడు శ్రుతి. ఒకటో మెట్టు, అంటే మొదటి ఫ్రెట్, నాలుగు. రెండోది నాలుగున్నర, మూడోది ఐదు, నాలుగోది ఐదున్నర, ఐదోది ఆరు, ఆరోది ఆరున్నర, ఏడోది ఏడు, ఎనిమిదో మెట్టు మళ్లీ ఒకటి. పక్క తీగ వదిలేస్తే ఆరు. దాని మీద మూడో మెట్టు ఒకటి, నాలుగోది ఒకటిన్నర, ఐదోది రెండు, ఆరోది రెండున్నర. బాత్రూమ్‌లో కూడా ఇది వల్లించు.

ఇందులో ఒక గోతి ఉంది, చూశావా? మూడు తర్వాత మూడున్నర లేదు, ఏడు తర్వాత ఏడున్నర లేదు. అర శ్రుతి అంటే ఎప్పుడూ ఒక మెట్టే. కానీ నాలుగు నుంచి మూడుకి దిగమన్నప్పుడు "అంకె ఒకటి తగ్గింది కదా" అని రెండు మెట్లు దిగావో, పడ్డావే. అక్కడ కూడా ఒక మెట్టే.

మూడోది, వదిలిన తీగల మీద ఆధారపడి పాట నేర్చుకోకు. మూడు శ్రుతిలో వదిలిన లావు తీగ మీద హాయిగా వాయించిన పాట నాలుగుకి ఎక్కగానే చెయ్యి మొత్తం కొత్త దారి వెతుక్కుంటుంది. ఇంట్లోనే ప్రతి పాటనీ తీగలన్నీ నొక్కుతూ ఒక ఆకారంలా నేర్చుకో. షడ్జమం ఎక్కడ పెడితే పంచమం పక్క తీగ మీద రెండు మెట్లు ముందుంటుంది. నీ వాద్యంలో నాలుగు తీగలూ ఒకే దూరంలో శ్రుతి అయి ఉంటాయి కాబట్టి ఆ ఆకారం ఎక్కడికి జరిపినా చెడదు. ఈ సౌకర్యం గిటార్ వాడికి లేదు, వాడు తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే కాపో క్లిప్పు కోసం బ్యాగులు తిరగేస్తాడు. నువ్వు చెయ్యి జరుపుకుని నిలబడు. మీ సింగర్ మీద కోపం పెట్టుకోకు. గొంతుకి తీగ మార్చే వీల్లేదు కదా.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, స్కూల్ టీచర్‌ని. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. మా అబ్బాయీ, వాడి స్నేహితులూ ఇంట్లో పాటలు వాయిస్తుంటారు. వాళ్ల బేస్ కుర్రాడు చదువుకని జర్మనీ వెళ్లిపోయాడు, గిటార్ మా ఇంట్లోనే వదిలేశాడు. మావాడు వేళాకోళంగా "అమ్మా, నువ్వు వాయించు" అన్నాడు. నేను వేళాకోళంగా తీసుకోలేదు. వీణ చేతికి ఇది అబ్బుతుందా? వేళ్లు చిన్నవి. ఆ వాద్యం చూస్తే బరువుగా ఉంది.
— ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాలన్నిట్లోకీ నాకు నచ్చింది మీదే. చూశారా, బొబ్బిలి పక్కనుంచి బేస్ గిటార్ ప్రశ్న!

మీకు సగం విద్య వచ్చేసినట్టే. నాలుగు వాయించే తీగలు మీకు కొత్త కాదు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం మీద తిరిగిన చెయ్యి మీది. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మీటడం ఇక్కడా అంతే. అయితే దిశ తిరగబడుతుంది. వీణ మీద మీటు కిందకి పోతుంది. బేస్ మీద వేలు తీగని తనవైపు లాక్కుని, పైనున్న లావు తీగ మీద వచ్చి ఆగుతుంది. మొదటి పది రోజులు చెయ్యి మొరాయిస్తుంది, కంగారు పడకండి. రెండు వేళ్లు కుదరకపోతే ఒక్కటే వాడండి. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో మోటౌన్ రికార్డులకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చూపుడు వేలొక్కదానితోనే మీటేవాడు. ఆ ఒక్క వేలి కిందే పెరిగాం మేమంతా.

తీగల మధ్య దూరం కూడా కాస్త తేడా. వీణ మీద పంచమానికీ షడ్జమానికీ మధ్య దూరం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. బేస్ మీద ఏ రెండు పక్క తీగల మధ్యయినా షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం దూరమే.

ఒక అలవాటు మాత్రం గడప బయట వదిలి రావాలి, గమకం. మీ ఎడమ చెయ్యి తీగ దొరకగానే దాన్ని ఊపాలనుకుంటుంది. మీ పైన గాయకుడు గమకం వేస్తున్నప్పుడు కింద మీరు కూడా కదిలితే ఇల్లు కదిలినట్టుంటుంది. పలకండి, నిలబెట్టండి, ఆపండి. ఆపడం గురించి పైన కూకట్‌పల్లి ఆయనకి చెప్పిందంతా మీరూ చదవండి.

చిన్న వేళ్ల గురించి: మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. లియో ఫెండర్ 1951లో తెచ్చిన మొదటి మోడల్ నుంచీ దాదాపు అందరూ అదే కొలత పెడుతున్నారు. దాంట్లో మొదటి మెట్టు వెడల్పు దాదాపు 4.8 సెంటీమీటర్లు. ఒక మెట్టుకి ఒక వేలు అని పుస్తకాల్లో రాస్తారు. కింది మెట్ల దగ్గర అది మీరు చేయొద్దు. చూపుడు వేలు, మధ్య వేలు, చిటికెన వేలు, ఈ మూడింటినీ మూడు వరస మెట్లకి వాడండి, ఉంగరం వేలు చిటికెన వేలికి సాయం పడుతుంది. పెద్ద వాద్యం మీద డబుల్ బేస్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. అయినా మణికట్టు నొప్పి పెడితే 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ దొరుకుతుంది, మెట్టు అర సెంటీమీటరు తగ్గుతుంది. నొప్పి వచ్చిన రోజు ఆపేయండి, "ఇంకో పాట" అనొద్దు.

బరువు నాలుగు కిలోల దాకా ఉంటుంది. కుర్రాళ్లు సన్న బెల్టు వేసుకుని మోకాళ్ల దాకా వేలాడదీస్తారు, చూడ్డానికి బావుంటుందని. మీరు మూడున్నర అంగుళాల వెడల్పాటి బెల్టు కొనండి. కూర్చుంటే వాద్యం ఎక్కడుంటుందో నిలబడినా అక్కడే ఉండేలా బిగించండి.

వయసు గురించి మీరు అడగలేదు, అబ్బాయి మాటల్లో ఉంది కాబట్టి చెబుతున్నాను. కేరల్ కే అనే ఆవిడ లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో గిటార్ వాయించేది. 1963లో ఒక రోజు రికార్డింగ్‌కి బేస్ మనిషి రాకపోతే ఆ వాద్యం అందుకుంది. తర్వాత వేలకొద్దీ రికార్డింగులకి వాయించింది. ఆ రోజు రాని మనిషి ఎక్కడికి వెళ్లాడో గానీ, మీ జర్మనీ కుర్రాడు గుర్తొచ్చాడు. పది పాటలు సిద్ధమయ్యాక నాకు మళ్లీ రాయండి. మీవాడి మొహం ఎలా ఉందో కూడా రాయండి.

ప్రశ్న: రాత్రి ఆఫీసు నుంచి వచ్చాకే ప్రాక్టీస్ కుదురుతుంది. యాంప్ చాలా తక్కువలో పెడతాను. నా గదిలో నాకే సరిగా వినపడదు, కింద ఫ్లాట్ అంకుల్ మాత్రం రోజూ పైకి వస్తున్నాడు. ఆయన అబద్ధం చెబుతున్నాడా?
— ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: అంకుల్ చెప్పేది నిజం. మంద్ర స్వరం గోడల్ని పెద్దగా లెక్క చేయదు. మీ లావు తీగ పుట్టించే ఒక్కో అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే, మీ గది పొడవుకి రెట్టింపు ఉంటుందేమో. పైగా యాంప్‌ని నేల మీద పెట్టారు, అవునా? అంటే అంకుల్ సీలింగ్‌నే స్పీకరు చేశారు. దాన్ని స్టూలు మీద, కింద మందపాటి ఫోమ్ వేసి పెట్టండి, కొంత తగ్గుతుంది. పూర్తిగా పోవాలంటే హెడ్‌ఫోన్ యాంప్ ఒక్కటే మార్గం. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ లౌడ్‌స్పీకర్లు వద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. అంకుల్‌కి అవి ఇంకా తెలియకపోతే మీ అదృష్టం. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని పిలిచి టీ ఇచ్చి, ఆయన కాలం నాటి పాట ఒకటి వినిపించండి. నేను మూడు అద్దె ఇళ్లలో గట్టెక్కింది ఇలాగే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఉగాది వేడుకల్లో మా తెలుగు బ్యాండ్ వాయిస్తుండగా రెండో పాటలో నా బేస్ గరగరమని, మూడో పాటకి పూర్తిగా మూగబోయింది. కేబుల్ మార్చినా రాలేదు. ఖరీదైన గిటారే. ఇంటికొచ్చి చూస్తే వైరింగ్ బానే ఉంది. ఏమై ఉంటుంది?
— ఓ పాఠకుడు

జవాబు: బ్యాటరీ. మీది యాక్టివ్ బేస్ అయి ఉంటుంది. వెనక చిన్న మూత కింద 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, చూడండి. దానికి వేరే స్విచ్ ఉండదు. కేబుల్ గుచ్చగానే సర్క్యూట్ ఆన్ అవుతుంది. ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ పీకకుండా స్టాండ్‌కి ఆనించి పడుకుంటే రాత్రంతా అది తాగుతూనే ఉంటుంది. వాయించనప్పుడు కేబుల్ పీకేయండి, ప్రోగ్రాంకి ముందు కొత్త బ్యాటరీ వేయండి, ఇంకోటి బ్యాగులో ఉంచండి.

నాకు ఇది శ్రీకాకుళంలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో తెలిసొచ్చింది. రాత్రి తొమ్మిది దాటింది, షాపులన్నీ మూసేశారు. సౌండ్ సిస్టం కుర్రాడు మల్టీమీటరుతో నా కేబుల్ తనిఖీ చేస్తుంటే, ఆ మీటరు వెనక మూత మీద నా కళ్లు పడ్డాయి. దాంట్లోనూ అదే బ్యాటరీ. లాక్కుని గిటార్‌లో పెట్టుకుని మిగతా పదకొండు పాటలూ లాగించాను. మీటరు వాడిది వాడికి ఇచ్చేశాను గానీ, బ్యాటరీ ఇవ్వడం మర్చిపోయాను. వాడికిప్పుడు సొంతంగా రెండు లారీల సౌండ్ సిస్టం ఉంది. ఎక్కడ కనపడినా "సార్, నా బ్యాటరీ" అంటాడు.